నాలుగో రేకు

నాలుగో అల్యూమినియం రేకును హైమావతి ఆ ఉదయం మూడోసారి రేడియేషన్ డిటెక్టర్ ముందు పెట్టింది. మూడోసారి కూడా తెర మీద అదే చోట అదే గీత నిటారుగా లేచి నిలబడింది.

"నీకేం పోయేకాలం!" అని ఆ గీతనే తిట్టింది. గీత కదల్లేదు.

ఇంటర్‌కమ్ మోగింది. అదీ మూడోసారే.

"ఏమ్మా, ఇంకా ఎంతసేపు? ఆస్పత్రి బండి వచ్చి అరగంటయింది," అన్నారు డాక్టర్ నేమాని విశ్వపతి. ఆ మందు తయారుచేసే కేంద్రానికి ఆయన డైరెక్టరు.

"సార్, నాలుగో రేకులో బిస్మత్ కనిపిస్తోంది."

"డిటెక్టర్‌ను చల్లబరిచే నైట్రోజన్ నిండుగా ఉందా?"

"నిన్న సాయంత్రమే నింపించాను సార్."

"చుట్టూ సీసం ఇటుకలు సరిగ్గా పేర్చారా?"

"ఇందాక రెండుసార్లూ ఇవే అడిగారు సార్. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నూటికి నాలుగు వంతులు బిస్మత్."

"అసలు నాలుగో రేకు చూడమని నీకెవరు చెప్పారమ్మా? తొమ్మిది, పది చూసి సంతకం పెట్టెయ్యి. పొద్దున ఏడింటికి చేసిన మందు. అక్కడ రోగులు చేతులు చాపుకుని కూర్చున్నారు."

ఫోను పెట్టేశారు.

నాలుగో రేకు చూడమని హైమావతికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ వదిన సత్యవేణి పాదాలు చెప్పాయి.

సత్యవేణి హైమావతి భర్త లింగమూర్తికి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే. కంచరపాలెంలో ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. రెండేళ్ళ కిందట ఎముకల మూలుగలో పుట్టిన కేన్సరు ఆమెను మంచాన పడేసింది. తొమ్మిది రోజుల కిందట కొత్త మందు మొదటి మోతాదు ఎక్కించారు. నాలుగో రోజుకే నడుంనొప్పి సగానికి సగం తగ్గింది. ఆరో రోజున లేచి మిషను దగ్గర కూర్చుంది. ఇవాళ రెండో మోతాదు. ఆస్పత్రికి బయల్దేరబోతే చెప్పులు కాళ్ళకు పట్టలేదు.

"ఎండకి వాచుంటాయిలే," అన్నాడు లింగమూర్తి, అక్క కాళ్ళ దగ్గర కూచుని చెప్పు పట్టీ వదులు చేస్తూ.

హైమావతి వంగి చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"వదినా, మూత్రం సరిగ్గా వస్తోందా?"

"పొద్దున్నే ఏటా మాటలు? నీ బస్సు పోతది, ఎల్లు," అని కసిరింది సత్యవేణి.

తగరపువలస అవతల జీడితోటల మధ్య ఉన్న ఆ కేంద్రానికి వెళ్ళేదాకా, బస్సులో హైమావతి కళ్ళ ముందు ఆ గుంటే ఉంది.

అక్కడ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. కార్బన్ కేంద్రకాల ధారను, అంటే బీమ్‌ను, మహా వేగంతో తోలి బంగారు రేకు మీద కొడతారు. కార్బన్ కేంద్రకం బంగారు కేంద్రకంలో పూర్తిగా కలిసిపోతే, దాన్ని సంపూర్ణ సంలీనం అంటారు. అప్పుడు పుట్టేది ఆస్టటీన్. అదే మందు. అయిదున్నర గంటలకు సగమైపోతుంది, ఆ లోపల కేన్సరు కణాలను దగ్గర్నుంచి కాల్చి చంపుతుంది. చిక్కల్లా కార్బన్‌తోనే. మూడు హీలియం ముద్దలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టుంటుంది అది. ఢీకొనే క్షణంలో ఒక ముద్ద ఊడి తన దారిన తాను పోతే, మిగిలిన రెండే బంగారంలో కలుస్తాయి. అది అసంపూర్ణ సంలీనం. దాంతో పుట్టేది బిస్మత్. పదిహేను రోజులకు గానీ సగం తగ్గదు. ఒంట్లోకి వెళ్ళిందంటే మూత్రపిండాల్లో చేరి కూర్చుంటుంది.

ఇదివరకు రెండూ కలిసే పుట్టేవి. రసాయనాలతో బిస్మత్‌ను వేరుచేసేసరికి తొమ్మిది గంటలు పట్టేది. అప్పటికి మందులో మూడో వంతు కూడా మిగిలేది కాదు. విశ్వపతి పదకొండేళ్ళు కూర్చుని ఒక పరికరం కట్టారు. బంగారాన్ని తాకే ముందు ప్రతి కార్బన్ కేంద్రకాన్నీ ఒకే వైపుకు తిప్పి నిలబెడుతుంది అది. అలా నిలబడి వెళ్ళి తగిలితే మూడు ముద్దలూ ఒక్కసారే లోపలికి పోతాయి. ఏ ముక్కా ఊడదు. కేంద్రంలో అందరూ దాన్ని వరసపెట్టె అనేవారు. ముప్ఫైసార్లు పరీక్షించారు. ఒక్కసారీ బిస్మత్ జాడ లేదు. ఇక శుభ్రం చేసే పనే లేదు కనుక మందు గంటలో ఆస్పత్రికి చేరుతుంది.

ప్రతి విడతకూ మందు తయారయ్యే బంగారం పక్కనే పరీక్ష కోసం పలుచటి బంగారు రేకొకటి, దాని వెనక పద్నాలుగు అల్యూమినియం రేకులు ఉంచుతారు. కార్బన్ మొత్తం కలిస్తే, కలిసిన ముద్ద ఆ ఊపుతో దూసుకెళ్ళి తొమ్మిదో పదో రేకులో చిక్కుకుంటుంది. ముక్కే కలిస్తే ఊపు తక్కువ. మూడో నాలుగో రేకులోనే చతికిలబడుతుంది. ఏ రేకులో ఏముందో లెక్కపెట్టి, 'శుభ్రం' అని రాసి సంతకం పెట్టడం హైమావతి ఉద్యోగం.

తొమ్మిది రోజుల కిందట, మనుషులకు ఇచ్చే మొట్టమొదటి విడత నాడు, ఆవిడకు అరగంటే ఇచ్చారు. అన్ని రేకులూ చూడాలంటే రెండు గంటలు కావాలి. ముప్ఫైసార్లు లేనిది ఇవాళ ఎందుకుంటుందిలే అనుకుంది. తొమ్మిది, పది చూసింది. శుభ్రం అని రాసింది.

ఇప్పుడు హైమావతి కుర్చీలోంచి లేచి, పాత రేకులు దాచే సీసపు పెట్టె తెరిచింది. ఆ రోజు విడత కట్ట వెతికి, నాలుగో రేకును పట్టకారుతో తీసింది. తొమ్మిది రోజుల్లో ఆస్టటీన్ పేరుకైనా మిగలదు. బిస్మత్ ఉంటే మాత్రం ఇంకా ఉంటుంది.

డిటెక్టర్ ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది. రెండు నిమిషాలు ఏమీ లేదు. మూడో నిమిషంలో గీత మొలిచింది. పదిహేనో నిమిషానికి, ఇవాళ్టి గీత ఎక్కడ నిలబడిందో సరిగ్గా అక్కడే నిలబడి ఉంది.

మళ్ళీ ఇంటర్‌కమ్ మోగింది. తీయలేదు. రెండు కాయితాలూ అచ్చు తీసుకుని మెట్లెక్కింది.

విశ్వపతి గదిలో కిటికీ దగ్గర నిలబడి, కింద ఆగి ఉన్న ఆస్పత్రి బండిని చూస్తున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. భార్యను ఇదే జబ్బుకు పోగొట్టుకున్నవాడు. అందుకే ఆయనతో వాదించడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

"ఇది ఇవాళ్టిది. ఇది మొదటి విడతది," అని కాయితాలు బల్ల మీద పెట్టింది హైమావతి.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"మొదటిది కూడానా?"

"మొదటిది కూడా సార్."

"కాదు, ముప్ఫైసార్లు చూశాం కదమ్మా!"

"ఆ ముప్ఫైసార్లూ బీమ్ తీవ్రత నలభైలో పెట్టి చూశాం. నలభైలో చేస్తే ఇద్దరికే సరిపోతుందని, ఆరుగురికి కావాలని మీరు నూట ఇరవైకి పెంచారు. నూట ఇరవై దగ్గర కేంద్రకాలు ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తుంటే వరసపెట్టె నిలబెట్టలేకపోతోందని నా అనుమానం. నలభైలో ఇరవై నిమిషాలు తోలి చూద్దాం. నలభైలోనూ ఈ గీత లేస్తే తప్పు నా డిటెక్టర్‌దే, ఇక్కడే సంతకం పెడతాను."

"ఇరవై నిమిషాలు బీమ్, రెండు గంటలు లెక్క! ఆ లోపల బండిలో ఉండాల్సిన మందు..."

"బండిలోకి అది ఎలాగూ ఎక్కదు సార్. నేను సంతకం పెట్టను."

ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టారు. పెన్నుల స్టాండు పడిపోయింది. "నా దగ్గర రెండు వందల పదకొండు మంది పేర్లున్నాయి! విడతకి ఇద్దరంటే... వాళ్ళలో సగం మందికి వంతు రాదు. తెలుసా నీకు? నూటికి నాలుగు వంతులమ్మా, నాలుగే! తొంభై ఆరు వంతులు మంచి మందు!"

"ఆ నాలుగు ఎక్కడికెళ్ళి కూర్చుంటాయో మీకు తెలుసు కదా సార్. ఇవాళ పొద్దున మా వదిన పాదం నొక్కి చూశాను. గుంట పూడలేదు."

సత్యవేణి ఆమె ఆడపడుచని విశ్వపతికి అప్పటిదాకా తెలియదు. ఎవరి సిఫారసూ లేకుండా ఆస్పత్రివాళ్ళు ఎంచుకున్న పేరు అది. ఆయన పడిన పెన్నుల్ని ఒక్కొక్కటే ఏరి స్టాండులో పెట్టారు. అన్నీ పెట్టాక ఫోనెత్తి బీమ్ గదికి చెప్పారు: "నలభైకి దించండి. కొత్త రేకులు పెట్టండి."

ఒంటి గంటన్నరకు హైమావతి పద్నాలుగు రేకులూ చూడడం ముగించింది. ఈసారి విశ్వపతి ఆమె వెనకే స్టూలు మీద కూర్చున్నారు. నైట్రోజన్ గురించి అడగలేదు. మూడో రేకులో ఏమీ లేదు. నాలుగో రేకులో ఏమీ లేదు. తొమ్మిదిలో, పదిలో మాత్రం ఎప్పటిలాగే మందు.

"నువ్వన్నదే," అన్నారాయన. ఒక్కసారిగా పదేళ్ళు మీద పడ్డట్టు కనిపించారు. "బండిని పంపించేస్తాను. కమిటీకి రాస్తాను."

"ఆరుగురికీ చెప్పాలి సార్. బిస్మత్‌ను పట్టి మూత్రంలోకి లాగేసే మందు ఉంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ఇప్పటికే తొమ్మిది రోజులయింది."

"కమిటీ కూర్చుని నిర్ధారించాక ఆస్పత్రికి ఉత్తరం వెళ్తుంది."

"ఎప్పుడు కూర్చుంటుంది?"

"సభ్యులు నాలుగు ఊళ్ళలో ఉన్నారు. మూడు వారాలు పట్టొచ్చు."

"మూడు వారాలా! సార్, అప్పటికి..."

"నిర్ధారణ కాకుండా రోగులతో మాట్లాడడానికి వీల్లేదు. మొదట్లోనే అందరం రాసిచ్చాం. నువ్వూ రాసిచ్చావు. ఒక్క మాట బయటికి పోతే ఈ ప్రయోగమే మూసేస్తారు హైమావతీ. అప్పుడు విడతకి ఇద్దరు కూడా ఉండరు."

"ఉత్తరాలు, కమిటీలు!" అంది హైమావతి.

సాయంత్రం ఇల్లు చేరేసరికి లింగమూర్తి గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. పోర్టులో క్రేను నడుపుతాడతను. సెలవు పెట్టి పొద్దున్నుంచి అక్కతో ఆస్పత్రిలో కూర్చున్నాడు.

"ఏటి మీ వోళ్ళ పని? ఆరింటికెళ్తే రెండింటిదాకా కూకోబెట్టి, సాంకేతిక కారణాలంట, ఇంటికి పొమ్మన్నారు! కారణమేటని అడిగితే ఆ నర్సమ్మకి తెల్దు, డాక్టరుకి తెల్దు. నీకు ఫోన్ సేస్తే నువ్వెత్తవు!"

"రేకులు చూస్తున్నానండీ."

"రేకులు! అక్కకి మందు లేదు, నువ్వు రేకులు సూస్తన్నావు!"

"ఊరుకోరా, దాన్ని లోపలికి రానీ," అంది లోపల్నుంచి సత్యవేణి. మంచం మీద గోడకానుకుని కూర్చుంది. పాదాల కింద తలగడ. "మందు నువ్వే ఆపించినావా హైమా?"

అంత సూటిగా అడుగుతుందని హైమావతి అనుకోలేదు. రాసిచ్చిన కాయితం గుర్తొచ్చింది. విశ్వపతి మాట గుర్తొచ్చింది. సత్యవేణి పాదాలు చూసింది.

"అవును వదినా. నేనే ఆపించాను."

"ఎందుకు?" అని అరిచాడు లింగమూర్తి.

హైమావతి మంచం అంచున కూర్చుని చెప్పింది. కార్బన్, బంగారం అని పెద్దగా వివరించలేదు. మందుతో పాటు పుట్టకూడనిదొకటి పుట్టిందని, అది మూత్రపిండాలను కాలుస్తుందని, ఇవాళ్టి దాంట్లోనూ ఉందని, తొమ్మిది రోజుల కిందటి దాంట్లోనూ ఉందని, దానికి విరుగుడు మందు ఉందని చెప్పింది.

"మొదటిది నువ్వు సూళ్ళేదా?" అంది సత్యవేణి.

"సగమే చూశాను. టైము లేదన్నారు. చూసినట్టు సంతకం పెట్టాను."

లింగమూర్తి పంపు కింద మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

సత్యవేణి హైమావతి వంక చూడకుండా, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ అంది. "జాకెట్టు సంక కాడ కుట్టు ఊడితే మా దగ్గరకొచ్చి మొహం మీద ఇసిరికొడతారు. నేను నోర్మూసుకుని మళ్ళీ కుట్టి ఇస్తాను. నీ సంతకానికి నేను ఎవరి మొహం మీద ఇసిరీయాల?"

హైమావతి తలగడ సర్ది, ఆమె పాదాలను ఇంకాస్త పైకెత్తి పెట్టింది.

"ఇరుగుడు మందేదో ఉందన్నావు. ఎక్కడ?"

"పెద్దాసుపత్రిలో ఉంటుంది. అక్కడి డాక్టరుతో మాట్లాడాను, ఇప్పుడే వెళ్దాం. అక్కడే ఉంచుకుంటారు. ఇంట్లోదానివి కాబట్టి నీకు చెప్పగలిగాను వదినా, మిగతా అయిదుగురికి..."

"సెప్పలేదా?"

"చెప్పడానికి వీల్లేదట. కమిటీ కూర్చోవాలట. మూడు వారాలు."

జబ్బు మనిషి మొహంలో కోపం ఎర్రగా పొంగింది. "సదువుకున్నోళ్ళ మాటలు ఇంటే నాకు ఒళ్ళు మండిపోతాది! మొదటి మందు నాడు పగలల్లా ఒకే గదిలో కూకున్నాం ఆరుగురం. వోళ్ళ ఇంటి పేర్లు తెలుసు, ఊళ్ళు తెలుసు, ఎవురికేటి కూరిష్టమో తెలుసు. నంబర్లన్నీ నా ఫోన్లో ఉన్నాయి. నువ్వు కాయితం రాసిచ్చినావు. నానేటి రాసినాను? నానేటీ రాయలేదు. నా ఫోనియ్యి."

"వదినా, ముందు ఆస్పత్రికి..."

"ఆటో తెమ్మను ఆడిని. ఈలోపు సేస్తాను."

మొదట అనకాపల్లి బెల్లం మిల్లులో పనిచేసే వరహాలుకు చేసింది. "అన్నా, కాళ్ళు వాచినాయా? వాచకపోయినా సరే, ఇప్పుడే పెద్దాసుపత్రికి పో. మందులో మలినం ఉందంట, ఇరుగుడుందంట." రెండో ఫోను సింహాచలంలో పూలమ్మే ఆవిడకు. మూడోది చోడవరం కరణంగారి కోడలికి. ఆటోలో ఎక్కాక నాలుగోది. అవతలివాళ్ళు నమ్మకపోతే గదమాయించింది. ఏడిస్తే, "ఏడుపు తరవాత, ముందు బండి కట్టించు" అంది. మందు పేరు అడిగినప్పుడల్లా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి హైమావతి వైపు చూసేది. హైమావతి అందించేది.

అయిదోది ఇచ్ఛాపురం. పట్నాయక్ మాస్టారని, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆరుగురిలో ఇవాళ మందుకు రానిది ఆయనొక్కరే. ఫోను ఆయన కూతురు ఎత్తింది. ఆయన్ని మొన్ననే బరంపురం ఆస్పత్రిలో చేర్చారు. మూత్రం ఆగిపోయింది. ఎందుకో డాక్టర్లకు అంతుబట్టడం లేదు.

సత్యవేణి చెప్పింది విని ఆ అమ్మాయి అరవడం మొదలుపెట్టింది. ఆటో మోతలో కూడా ఆ గొంతు హైమావతికి వినపడుతోంది. పరీక్ష చేసి ఇచ్చామన్నారు కదా, శుభ్రంగా ఉందని కాయితం చూపించారు కదా, ఎవరు రాశారు ఆ కాయితం?

సత్యవేణి ఫోను చెవి నుంచి దూరంగా పట్టుకుంది. ఆ జవాబు చెప్పాల్సింది తను కాదు. హైమావతి చెయ్యి చాపింది.

"నా పేరు బొడ్డేపల్లి హైమావతి అండీ. ఆ కాయితం రాసింది నేనే. అన్నీ చూడకుండా రాశాను. మీరు నన్నెన్నయినా అనండి, తర్వాత వింటాను. ఇప్పుడు మీ నాన్నగారి దగ్గరున్న డాక్టరుకి ఫోనివ్వండి. మందు పేరు, మోతాదు ఆయనకి చెప్పాలి."

ఫోను చేతులు మారిన చప్పుడయింది. హైమావతి పదమూడు నిమిషాలు మాట్లాడింది. ఆటో కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఆగిపోయి ఉన్నంతసేపూ, బస్సుల హారన్ల మధ్య, ఒక చెవి మూసుకుని అంకెలు చెప్పింది.

అయిదుగురి మూత్రపిండాలు నిలబడ్డాయి. సత్యవేణి కాళ్ళ వాపు రెండు వారాలకు తీసింది. పట్నాయక్ మాస్టారు బతికారు గానీ, వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఇచ్ఛాపురం నుంచి బరంపురం వెళ్ళక తప్పలేదు. హైమావతి ఆయన ఇంటికి వెళ్ళింది. కూతురు లోపలికి రమ్మనలేదు. రెండోసారి వెళ్ళినప్పుడూ రమ్మనలేదు.

కమిటీ మూడు వారాలకు కాదు, ఏడు వారాలకు కూర్చుంది. రోగులకు ముందే చెప్పినందుకు హైమావతిని ఆరు నెలలు ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. చూడకుండా సంతకం పెట్టినందుకు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అది ఆవిడే తన జవాబులో మొదటి పేరాలో రాసుకుంది. కమిటీ ఆ పేరా చదివిందో లేదో ఈనాటికీ తెలియదు. విశ్వపతి మాత్రం చదివారు. బీమ్ తీవ్రత నలభై దాటకూడదని, పద్నాలుగు రేకులూ చూడకుండా మందు గేటు దాటకూడదని ఆయనే నియమం పెట్టారు. ఆరు నెలలు నిండగానే హైమావతిని వెనక్కి పిలిచి, తాళాలు చేతికిచ్చారు. క్షమించమని అడగలేదు. పేర్ల జాబితా మాత్రం చూపించారు. అందులో ముప్ఫై నాలుగు పేర్ల మీద గీతలు కొట్టి ఉన్నాయి. వంతు వచ్చేదాకా ఆగలేకపోయినవాళ్ళవి.

ఈలోగా సత్యవేణికి నడుంనొప్పి తిరగబెట్టింది. జాబితాలో ఆమె కిందికి పోయింది. పేరు కాస్త పైకి జరపమని అడుగుదామన్నాడు లింగమూర్తి. "ఎవుర్ని కిందకి తోసి?" అందామె.

ఫాల్గుణంలో వంతు వచ్చింది. ఆ రోజు హైమావతి మందుతో పాటే ఆస్పత్రి బండిలో వచ్చింది. నర్సు సూది సిద్ధం చేసుకుని, అంగీకార పత్రం సత్యవేణి చేతికిచ్చింది. సత్యవేణి కళ్ళజోడు తెప్పించుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. అర్థం కాని ప్రతి మాట దగ్గరా ఆగి అడిగింది. నర్సు గోడ మీది గడియారం చూసింది. డాక్టరు తలుపు దగ్గరకొచ్చి, వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. లింగమూర్తి విసుగ్గా, "అక్కా, మందు తగ్గిపోతంది!" అన్నాడు.

"తగ్గనీ." సత్యవేణి కళ్ళజోడు మీంచి మరదలి వైపు చూసింది. "ఎన్ని సూసినావు?"

"పద్నాలుగూ చూశాను వదినా."

"ఎంతసేపు?"

"రెండు గంటల పది నిమిషాలు."

"ఈలోగా ఎంత పోయింది?"

"దారితో కలిపి మూడో వంతు పోయింది. మిగిలింది శుభ్రంగా ఉంది."

సత్యవేణి మిగిలిన వాక్యాలూ చదివింది. తర్వాత పత్రం మీద తన పేరు పూర్తిగా, ఒత్తులతో సహా రాసి, ఎడమ చెయ్యి చాపింది.